గోడ పగులులో మొలిచిన చెట్టు

పాత రాతి గోడ ఒకటి తీసుకుందాం. నాందేడ్‌లో గోదావరి గట్టున మిగిలిన కోట గోడ కావచ్చు, కంధార్ కోట బురుజు కావచ్చు, దెగ్లూరు, బిలోలి వైపు పల్లెల్లో కూలిపోతున్న గడీ ప్రహరీ కావచ్చు. ఇలాంటి గోడల్లో రెండు రాళ్ళ సందున రావి మొక్క పచ్చగా నిలబడి కనిపిస్తుంది. పండు తిన్న పిట్ట రెట్టతో పడిన గింజ అది. దాని వేళ్ళకు దొరికిన మట్టి గుప్పెడు కూడా ఉండదు. రోహిణి కార్తెలో ఆ రాయి పెనంలా కాలుతుంది, శ్రావణంలో రోజుల తరబడి తడిసి ముద్దవుతుంది. అయినా పదేళ్ళ తర్వాత చూసినా ఆ మొక్క మోచేతి ఎత్తులో, బొటనవేలంత కాండంతో అక్కడే ఉండవచ్చు. అదే గింజ పొలం గట్టున పడి ఉంటే ఈపాటికి ఇల్లంత ఎత్తు చెట్టయ్యేది. గింజలో తేడా లేదు, చోటులోనే తేడా. బోన్సాయ్ అనే విద్యకు మూలసూత్రం ఇదే. జపాన్ భాషలో ఆ మాటకు పళ్ళెంలాంటి తొట్టిలో నాటడం అని అర్థం. మన దగ్గర వామన వృక్షం అంటున్నాం. పొట్టి జాతి అని గానీ, బోన్సాయ్ విత్తనం అని గానీ ప్రత్యేకంగా ఏదీ లేదు. చెట్టును చిన్నగా ఉంచేవి దాని వేళ్ళకు ఇచ్చే చోటు, కొమ్మలకు పడే కత్తెర, మనిషి చూపే ఓపిక.

అయితే ఆ చోటును ఏ చెట్టు తట్టుకుంటుంది? కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఈ ప్రశ్న వేసుకోకుండా బొమ్మ చూసి చెట్టును ఎంచుకుంటారు. ఆ బొమ్మలో సాధారణంగా జపాన్ పైన్, మంచు కొండల జునిపర్, ఎర్రబారిన మేపుల్ ఉంటాయి. అవి కళ్ళకు అందమే కానీ పాఠానికి పనికిరావు. తొలి బోన్సాయ్ అలంకారం కోసం పెంచేది కాదని, నేర్చుకోవడానికి పెంచేదని ఒప్పుకుంటే ఎంపిక సూత్రం మారిపోతుంది. ఆ చెట్టు మన ఎండకు, చలికి సరిపడాలి. ఇరుకు తొట్టిలో వేళ్ళు ఊపిరాడక చావకూడదు. ముదురు కొమ్మను నరికినా మళ్ళీ చిగురించాలి. ఆకు చిన్నబడాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, మనం తప్పు చేస్తే త్వరగా చెప్పాలి, చెప్పి కూడా బతకాలి. ఈ ఐదు షరతులూ పెట్టుకుని నాందేడ్ డాబా మీద నిలబడి చూస్తే మిగిలేవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. వాటిలో మొదటి స్థానం చిన్నాకు ఫైకస్‌దే అని ఈ అధ్యాయం వాదన.

ముందు వాతావరణం సంగతి. నాందేడ్ సముద్రమట్టానికి దాదాపు 360 మీటర్ల ఎత్తున, 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. మే నెలలో పగటి ఎండ 42, 43 డిగ్రీలు దాటడం మామూలే. ఏడాదికి కురిసే వానలో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు నెలల్లోనే పడిపోతుంది. డిసెంబరు, జనవరి రాత్రులు చల్లగానే ఉంటాయి కానీ ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందికి దిగే రాత్రులు అరుదు. మేపుల్, లార్చ్ లాంటి శీతల దేశపు చెట్లకు ఈ అంకె ప్రాణాధారం. శరదృతువులో ఆకు రాల్చాక వాటి మొగ్గలు నిద్రలోకి జారుకుంటాయి. సున్నాకూ ఏడు డిగ్రీలకూ మధ్య చలి కొన్ని వందల గంటలు గడిస్తే గానీ ఆ నిద్ర తెమలదు. కాశ్మీరు ఆపిల్ మన దగ్గర కాపుకు రాకపోవడానికి కారణం ఇదే. చలి లెక్క పూర్తికాని చెట్టు వసంతంలో ఒక కొమ్మన చిగురించి, ఇంకో కొమ్మన మోడుగా ఉండిపోతుంది. ఏటా కొంత నీరసించి రెండు మూడేళ్ళలో చచ్చిపోతుంది. యజమాని మాత్రం నీళ్ళు తక్కువయ్యాయేమో, ఎరువు ఎక్కువైందేమో అని తనను తాను తిట్టుకుంటాడు. ఇక్కడ తప్పు చేతిది కాదు, ఎంపికది.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. జునిపర్‌ను మన నర్సరీల్లో అమ్ముతున్నారు కదా, బెంగళూరులో ఇళ్ళ ముందు నవనవలాడుతూ పెరుగుతున్నాయి కదా అని. నిజమే. బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి వేసవికీ నాందేడ్ ఉన్న మరాఠ్వాడా వేసవికీ పోలిక లేదు. మైదానాల్లో కూడా అనుభవం ఉన్నవాళ్ళు నీడ వలలు కట్టి, వేళ్ళకు గాలి ఆడే మిశ్రమం వేసి, కొన్ని జునిపర్ రకాలను నిలబెట్టగలరు. బతకదని నేను అనడం లేదు. కొత్తవాడికి అది చెడ్డ గురువు అంటున్నాను. ఎందుకంటే జునిపర్ మూగగా చచ్చిపోతుంది. దాని వేళ్ళు కుళ్ళిపోయాక కూడా పొలుసుల్లాంటి ఆ ఆకులు వారాల తరబడి పచ్చగానే ఉంటాయి. కొమ్మ పసుపు తిరిగే వేళకు చెట్టు పోయి నెల దాటి ఉండవచ్చు. ఏ రోజు చేసిన తప్పుకు ఈ శిక్షో తెలుసుకునే దారి లేదు. పైగా ఆకుల్లేకుండా మోడుగా నరికిన పాత కొమ్మ మీద జునిపర్ తిరిగి చిగురించదు. కత్తెర ఒక్కసారి దారి తప్పితే దిద్దుబాటు ఉండదు. తప్పులు చేసి నేర్చుకునే దశలో తప్పును దాచిపెట్టే చెట్టు, తప్పును క్షమించని చెట్టు రెండూ పనికిరావు. జునిపర్‌లో ఆ రెండు గుణాలూ ఉన్నాయి.

ఇప్పుడు గోడలోని రావి దగ్గరికి తిరిగి వద్దాం. రావి, మర్రి, జువ్వి, మేడి అన్నీ ఫైకస్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. ఇందులో చాలా జాతుల జీవితం నేల మీద మొదలుకాదు. ఇంకో చెట్టు పంగలోనో, తాటిమట్టల సందునో, బండ చీలికలోనో మొలిచి, అక్కడే కొన్నేళ్ళు గడిపి, వేళ్ళు నేలను తాకాక విజృంభిస్తాయి. తాటిచెట్టును కౌగిలించుకున్న మర్రిని మన పల్లెల్లో ఎరగనివారు లేరు. నేల అందేదాకా ఆ మొలకకు ఉన్నది గుప్పెడు ఆకుల చెత్త, వానకు తడిసి ఎండకు ఆరే కాస్త ధూళి. అలాంటి బతుకుకు అలవాటుపడిన వంశానికి కరువును దాటించే ఏర్పాట్లు పుట్టుకతోనే ఉంటాయి. కొన్ని జాతుల్లో మొలక వేరు దుంపలా ఉబ్బి నీళ్ళను, పిండిపదార్థాన్ని దాచుకుంటుంది. నర్సరీల్లో జిన్‌సెంగ్ ఫైకస్ అని అమ్మే లావు కాళ్ళ మొక్కల్లో కనిపించే దుంప ఇలాంటి వేరే. బోన్సాయ్ తొట్టి అంటే పంగలో చిక్కిన ఆ గుప్పెడు చెత్తకు మనిషి చేసిన నకలు. టేకుకో మామిడికో ఆ తొట్టి జైలు. ఫైకస్‌కు మాత్రం అది చిన్ననాటి ఇల్లు.

తొట్టి ఇరుకు అంటే చోటు చాలకపోవడం ఒక్కటే అనుకుంటాం. అసలు చిక్కు నీళ్ళతో వస్తుంది. దీన్ని వంటింట్లోనే చూడవచ్చు. గిన్నెలు తోమే మందపాటి స్పాంజిని నీళ్ళలో పూర్తిగా ముంచి, అడ్డంగా, వెడల్పు వైపు కిందికి వచ్చేలా పట్టుకోండి. కాసేపు కారి ఆగిపోతుంది. ఇప్పుడు అదే స్పాంజిని నిలువుగా తిప్పండి. పిండకుండానే మళ్ళీ నీళ్ళు ధారగా కారతాయి. స్పాంజి అదే, రంధ్రాలు అవే, నీటి స్తంభం ఎత్తు మాత్రమే మారింది. మట్టి రేణువుల మధ్య సన్నని సందులు కొంత ఎత్తు వరకు నీటిని పట్టి ఉంచుతాయి. ఆ ఎత్తు రేణువు సైజును బట్టి ఉంటుందే గానీ తొట్టి లోతును బట్టి మారదు. లోతైన కుండీలో ఆ తడి పొర అడుగున ఉండిపోతుంది, పైన వేళ్ళకు గాలి ఆడుతుంది. మూడు నాలుగు అంగుళాల పళ్ళెంలో ఆ తడి పొరే దాదాపు మొత్తం తొట్టి అవుతుంది. అందుకే బోన్సాయ్‌లో నీళ్ళు పోయక చచ్చే మొక్కలతో పాటు, మట్టి ఆరక చచ్చేవి కూడా చాలానే ఉంటాయి.

మన నల్లరేగడి ఇక్కడ పెద్ద ప్రమాదం. పత్తికి, సోయాకు అది బంగారమే. దక్కన్ బసాల్ట్ రాయి అరిగి ఏర్పడిన ఆ మట్టిలోని బంకరేణువులు నీరు తాగి ఉబ్బుతాయి, ఆరి బిగుసుకుంటాయి. పొలంలో అడుగు లోతు నెర్రెలు విచ్చేది అందుకే. తొట్టిలో అదే జరిగితే వానాకాలమంతా వేళ్ళు బురదలో ఊపిరాడక కుళ్ళుతాయి, వేసవిలో నెర్రెలతో పాటే తెగుతాయి. కాబట్టి తొలి బోన్సాయ్‌కి పొలం మట్టి వద్దు. ఇటుక ముక్కలను దంచి జల్లెడ పట్టి, దుమ్ము పోగా మిగిలిన శనగగింజంత పలుకులు, అదే సైజు మొరం, కొంచెం బాగా మాగిన పశువుల ఎరువు చాలు. ఇంత జాగ్రత్త తీసుకున్నా మొదటి ఏడాది నీళ్ళు ఎక్కువో తక్కువో అవుతూనే ఉంటాయి. అప్పుడు ఫైకస్ ఊరుకోదు. నాలుగైదు ఆకులు పసుపు తిప్పి రాల్చి ఫిర్యాదు చేస్తుంది. కుండీ చోటు మార్చినా రాలుస్తుంది. కొత్తవాళ్ళు దీన్ని చూసి భయపడతారు గానీ నిజానికి ఇది వరం. తప్పు చేసిన కొద్ది రోజుల్లోనే జవాబు వచ్చింది. దిద్దుకుంటే కొత్త ఆకు కూడా అంత త్వరగానే వస్తుంది.

అలాగైతే గోడలోని రావినే పీకి తెచ్చి పెట్టుకోవచ్చు కదా? ఇక్కడ ఇంకో పరీక్ష అడ్డం వస్తుంది, అది ఆకు సైజు. సింగపూర్ బొటానిక్ గార్డెన్స్‌లో పనిచేసిన ఇంగ్లండు వృక్షశాస్త్రవేత్త ఇ.జె.హెచ్. కార్నర్, ఫైకస్ ప్రజాతి మీద ప్రామాణికుడు, 1949లో ఒక సూత్రం చెప్పాడు. కొమ్మ ఎంత లావైతే దాని మీద ఆకు అంత పెద్దది, కొమ్మలు ఎంత ఎక్కువ చీలితే రెమ్మలూ ఆకులూ అంత చిన్నవి. కిన్వట్ అడవుల్లోని టేకును చూస్తే ఈ సూత్రం కళ్ళకు కడుతుంది. కొమ్మలు తక్కువ, రెమ్మలు లావు, ఆకు విస్తరంత. అడుగు ఎత్తు టేకు మొక్కను ఎంత వంచినా, ఎన్నేళ్ళు కత్తిరించినా అది చెట్టులా కనిపించదు, కర్రకు కట్టిన జెండాల్లా ఉంటుంది. మోదుగదీ అదే కథ. రావి, మర్రి ఆకులు నాలుగు నుంచి ఏడెనిమిది అంగుళాలు ఉంటాయి. తొట్టిలో తగ్గుతాయి కానీ అడుగు ఎత్తు చెట్టుకు తగినంత తగ్గవు. రావి రెమ్మ కణుపుల మధ్య దూరం కూడా ఎక్కువే, అందుకే గుబురు కట్టడానికి మొండికేస్తుంది. వాటికి రెండు మూడు అడుగుల ఎత్తు, పెద్ద తొట్టి, పదేళ్ళ ఓర్పు ఉంటే గొప్ప బోన్సాయ్‌లు అవుతాయి. తొలి పాఠానికి మాత్రం అవి పెద్ద పుస్తకాలు. గోడలోని రావి మనకు ఏ వంశాన్ని వెతకాలో చెబుతుంది. ఆ వంశంలో చిన్నాకు చుట్టాన్ని మనం ఎంచుకోవాలి.

ఆ చుట్టం పేరు ఫైకస్ మైక్రోకార్పా. నర్సరీవాళ్ళు ఫైకస్ అనో, రెటూసా అనో అంటారు. దక్షిణాసియా నుంచి ఆస్ట్రేలియా దాకా సహజంగా పెరిగే చెట్టు ఇది. దీని ఆకు నేల మీద రెండు మూడు అంగుళాలు, తొట్టిలో శ్రద్ధగా కత్తిరిస్తూ పోతే అంగుళం లోపుకు దిగుతుంది. ఎలా దిగుతుందో తెలుసుకుంటే బోన్సాయ్ శాస్త్రం సగం తెలిసినట్టే. కొమ్మ కొసన ఉన్న మొగ్గ ఆక్సిన్ అనే హార్మోనును కిందికి పంపుతూ పక్కమొగ్గలను అణచి ఉంచుతుంది. కొస తెంపితే ఆ అణచివేత సడలుతుంది. వేళ్ళ నుంచి వచ్చే సైటోకైనిన్‌లు, కొసకు పోవాల్సిన చక్కెర పక్కమొగ్గలకు అందుతాయి. ఒక కొమ్మ రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అదే వేరు, అవే నీళ్ళు ఇప్పుడు ఎక్కువ మొగ్గలకు పంచుకోవాలి కాబట్టి ఆకు చిన్నబడుతుంది. కార్నర్ చెప్పినదాన్ని కత్తెరతో రుజువు చేయడమే ఇది. ఫైకస్‌లో ఇంకో మేలు ఉంది. ఆకుల్లేని ముదురు కాండాన్ని నరికినా పాలు కారి గాయం మూసుకుంటుంది, కొన్ని వారాల్లో బెరడు చీల్చుకుని చిగుళ్ళు వస్తాయి. పెన్సిలంత రెమ్మను తొలకరిలో గుచ్చినా వేళ్ళు పోస్తుంది. పైన్ చెట్టు ఏడాదికి ఒక్క పాఠమే చెబుతుంది. నాందేడ్ వేడిలో ఫైకస్ ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా నాలుగైదు సార్లు చిగురిస్తుంది. అంటే రెండేళ్ళలో పది కత్తిరింపుల అనుభవం.

పోటీదార్లు లేకపోలేదు. చింత ఉంది. చిట్టి ఆకులు, గరుకు బెరడు, చిన్నప్పుడే ముసలిదానిలా కనిపించే తీరు. మన చెట్లలో ఇంతకంటే అందమైన బోన్సాయ్ దొరకడం కష్టం. కానీ గింజ నుంచి వచ్చే చింతకు లోతుగా దిగే తల్లివేరు ఉంటుంది, దాన్ని దశలవారీగా తగ్గించాలి. కాండం లావెక్కడానికి ఏళ్ళు పడుతుంది. అది తర్వాత పెంచాల్సిన చెట్టు. కాగితంపూల చెట్టు ఎండకు ఎదురు నిలుస్తుంది, మొద్దును నరికినా విరగబడి చిగురిస్తుంది. దాని వేళ్ళు మాత్రం పెళుసు, తొట్టి మార్చేటప్పుడు కొత్త చేతిలో పుటుక్కున తెగిపోతాయి. దానిమ్మ, నిమ్మ ఆశ పుట్టిస్తాయి. అయితే ఆకు తగ్గినట్టు కాయ తగ్గదు. అడుగు చెట్టుకు మామూలు సైజు దానిమ్మ వేలాడితే చూడ్డానికి నవ్వొస్తుంది, కొమ్మకు భారమవుతుంది. నర్సరీలో జేడ్ పేరుతో దొరికే పోర్టులకేరియా అసలైన పోటీదారు. ఆఫ్రికాకు చెందిన ఈ మొక్క నీళ్ళున్నప్పుడు మామూలుగా, కరువులో రాత్రిపూట మాత్రమే ఆకురంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుని బతకగలదు. వారం రోజులు ఊరికి వెళ్ళొచ్చేవాళ్ళకు అదే మేలు. కాకపోతే దాని కండగల కొమ్మ తీగ చుట్టి వంచడానికి అంతగా లొంగదు, ముదురు చెట్టు రూపం ఆలస్యంగా వస్తుంది. అందుకే దానికి రెండో స్థానం.

బోన్సాయ్ ఇంట్లో బల్ల మీద పెట్టుకునే వస్తువు కదా, డాబా గొడవ ఎందుకని అడిగేవారుంటారు. మన కన్ను ఇక్కడ మోసపోతుంది. నడినెత్తి ఎండ వెలుగు సుమారు లక్ష లక్స్. వెలుతురుగా ఉందనుకునే గదిలో నాలుగైదు వందల లక్స్ మాత్రమే ఉంటుంది. కనుపాప విప్పారి ఆ తేడాను మనకు తెలియనివ్వదు, ఆకు మాత్రం ఆకలితో ఉంటుంది. ఫైకస్ గదిలో చాలాకాలం ప్రాణం నిలుపుకుంటుంది, కానీ పెరగదు. పెరగనిదాన్ని కత్తిరించలేం, కత్తిరించకుండా నేర్చుకోలేం. డాబా మీద, పొద్దుటి ఎండ పడే చోట, బల్ల మీద ఉండాలి. నేరుగా శ్లాబు మీద పెడితే కింది నుంచి వచ్చే వేడికి పళ్ళెంలోని వేళ్ళు ఉడికిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం నీడ వల కూడా తప్పదు.

ఇంకో అభ్యంతరం మనసుకు సంబంధించినది. చెట్టును పొట్టిగా కట్టేయడం హింస కాదా, ఇంట్లో ఎదగని చెట్టు ఉంటే ఇల్లు ఎదగదంటారు కదా అని. ఇంటి ఎదుగుదలకూ చెట్టు ఎత్తుకూ సంబంధం చూపే ఆధారం ఏదీ లేదు. హింస మాట ఆలోచించదగ్గదే. చెట్టుకు నరాలు లేవు. గాయం తెలుసుకుని స్పందిస్తుంది, కానీ కొమ్మ పోవడం దాని జీవితంలో మామూలు సంగతి. బీడులో మేకలు ఏటా మేసే రేగు పొదను చూస్తే మేకే మనకన్నా ముందు తోటమాలి అని తెలుస్తుంది. హింస జరిగితే చెట్టు ఆయుష్షు తగ్గాలి. వాషింగ్టన్‌లోని జాతీయ బోన్సాయ్ మ్యూజియంలో ఒక తెల్ల పైన్ ఉంది. 1625 నుంచి తొట్టిలో పెరుగుతోంది. 1945లో హిరోషిమా మీద బాంబు పడినప్పుడు అక్కడికి మూడు కిలోమీటర్ల దూరంలో, యమాకి కుటుంబం పెరటి గోడ చాటున బతికి బయటపడింది. 1976లో అమెరికాకు కానుకగా వెళ్ళింది. ఇన్ని తరాలు మనుషుల చేతుల్లో బతికిన చెట్టును హింసకు ఉదాహరణగా చెప్పలేం. నిజమైన హింస ఒకటుంది. ఈ నేలకు సరిపడని చెట్టును సరదాకు కొని, వేసవిలో ఎండబెట్టి చంపి, మళ్ళీ ఇంకోటి కొనడం.

ఫైకస్ మరీ మామూలు మొక్క, వీధి చివర నర్సరీలో దొరికేదానిలో గొప్పేముంది అనేవారికి జవాబు చెప్పి ముగిస్తాను. ఇటలీలో మిలాన్ దగ్గరి క్రెస్పి మ్యూజియం గర్వంగా చూపించే, వెయ్యేళ్ళదని చెప్పుకునే బోన్సాయ్ ఒక ఫైకస్. మైసూరు దత్తపీఠం ఆశ్రమంలో వందలాది బోన్సాయ్‌లున్న తోట మన వాతావరణపు చెట్లతో ఏం చేయవచ్చో చూపిస్తుంది. మామూలుతనం చెట్టులో ఉండదు, దాని మీద గడిచిన ఏళ్ళలో ఉంటుంది. కాబట్టి మృగశిర కార్తె దాటి రెండు మంచి వానలు పడ్డాక నర్సరీకి వెళ్ళండి. మెరుగుపెట్టిన పింగాణీ తొట్టిలో గులకరాళ్ళు అతికించి అమ్మేదాన్ని వదిలేయండి. మామూలు నల్ల కవరులో పెరిగిన ఫైకస్‌ను చూడండి. మట్టిని వేలితో కొంచెం తోసి చూస్తే కాండం మొదట్లో వేళ్ళు నాలుగు దిక్కులా పరుచుకుని ఉండాలి. కాండం మొదట లావుగా, పైకి పోను పోను సన్నబడాలి. అంటు కట్టిన గడ్డ మధ్యలో ఉంటే వద్దు. ఒకటి కాకుండా రెండు కొనండి, ఒకటి కత్తెరకు, ఒకటి ధైర్యానికి. మొదటి ఏడాది నీళ్ళు పోయడం ఒక్కటే నేర్చుకోండి. చింత, రావి, కావాలంటే జునిపర్ కూడా తర్వాత రావచ్చు. అప్పటికి మీ డాబా మీది ఎండ ఎంతో, మీ తొట్టి ఎన్ని గంటల్లో ఆరుతుందో, మీ చేయి ఎంత తొందరపడుతుందో ఆ ఫైకస్ మీకు చెప్పి ఉంటుంది.